టెర్రానిగ్మా రివ్యూ: జంతువుల మాటలు వినపడని రోజు

అందరికీ నమస్కారం. ఈరోజు ఒక పాత వీడియో గేమ్ గురించి. ముందు అందులోని ఒక సీన్ చెప్తాను, ఆ తర్వాత రివ్యూలోకి వెళ్దాం.

మంచు కొండల్లో చరియలు విరిగిపడి మన హీరో ఆర్క్ ఒక గుహలో చిక్కుకుపోతాడు. తోడుగా ఉన్నది ఒక ఆడ కొండమేక. దాని మగడు అక్కడే చచ్చిపడి ఉంటాడు. బయటికి దారి లేదు, తినడానికి ఏమీ లేదు. అప్పుడు ఆ మేకే అంటుంది, తన మగడి మాంసం తిని బతుకుదాం అని. చిన్న చిన్న 16 బిట్ బొమ్మలు, నాలుగు ముక్కల డైలాగు, అంతే. కంట్రోలర్ కింద పెట్టి కాసేపు అలాగే కూర్చుండిపోయాను.

ఆట పేరు టెర్రానిగ్మా. చేసింది క్వింటెట్, రిలీజ్ చేసింది ఎనిక్స్. 1995 అక్టోబర్‌లో జపాన్‌లో నింటెండో కన్సోల్ సూపర్ ఫామికామ్ మీద వచ్చింది. అక్కడి పేరు 'తెన్‌చి సోజో', అంటే భూమ్యాకాశాల సృష్టి. అప్పటికే ప్లేస్టేషన్ మార్కెట్లో ఉంది, అందరి చూపూ 3డీ మీదే. యూరప్‌కి 1996 చివర్లో చేరింది. ఎనిక్స్ తన అమెరికా ఆఫీసు మూసేయడంతో అక్కడ అసలు రానేలేదు.

కథ భూమి లోపలున్న క్రిస్టా అనే ఊళ్లో మొదలవుతుంది. ఆర్క్ తెరవొద్దన్న పెట్టె తెరుస్తాడు, ఊరంతా గడ్డకట్టుకుపోతుంది. ఐదు టవర్లు గెలిస్తే పైన ఐదు ఖండాలు లేస్తాయి. తర్వాత ఒక్కొక్కటిగా ప్రాణం పోయాలి: ముందు చెట్లు, తర్వాత పక్షులు, జంతువులు, చివరికి మనుషులు. చెట్టుతో మాట్లాడొచ్చు, సింహం పిల్లతో మాట్లాడొచ్చు. మనుషులు బతికాక మాత్రం ఆర్క్‌కి జంతువుల భాష అర్థం కాదు. నిన్నటిదాకా కబుర్లు చెప్పిన జీవాలు ఇప్పుడు ఉత్తి అరుపులే. ఆట దీన్ని పెద్ద సీన్ చేయదు. మీరు వెళ్లి పలకరిస్తేనే తెలుస్తుంది. నాకు మాత్రం ప్రాణం ఉసూరుమంది.

ఫైటింగ్ ఇప్పటికీ చురుగ్గా ఉంది. ఆర్క్ చేతిలో బల్లెం. పరిగెత్తి పొడిస్తే ఒక దెబ్బ, ఎగిరి పొడిస్తే ఇంకోటి, పరిగెత్తి ఎగిరితే మరోటి. గంటలు గడిచినా చేతికి విసుగు రాదు.

లోపాలు లేకపోలేదు. మ్యాజిక్ దాదాపు దండగ. తీరా బ్లడీ మేరీ అనే బాస్ (పెద్ద శత్రువు) దగ్గరికి వచ్చాక, లెవెల్ తక్కువుంటే బల్లెం దెబ్బ తగిలినట్టే ఉండదు. అక్కడికి మ్యాజిక్ రింగులు దండిగా కొనుక్కుని వెళ్లండి, టెన్షన్ తగ్గుతుంది. రెండో సగంలో ఊళ్లు పెంచే పనులు బాగుంటాయి కానీ, ఎవరితో మాట్లాడితే కథ కదులుతుందో చెప్పేవాళ్లుండరు. ఇంగ్లిష్ అనువాదం కూడా అక్కడక్కడా తడబడుతుంది.

అయినా మొహమాటం లేకుండా చెప్తున్నాను, ఆ కన్సోల్ మీద నేను ఆడినవాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైంది ఇదే. క్లైమాక్స్ చెప్పను, మీరే చూడాలి.

సేవ్ చేసుకోవడానికి మూడు స్లాట్లుంటాయి. రెండిటితో ఆట ముగించేయండి. మూడోది మనుషులు రాకముందు సేవ్ చేసి ఉంచుకోండి. నాది అలాగే ఉంది. అప్పుడప్పుడూ ఆన్ చేసి, ఆ సింహం పిల్లని పలకరించి వస్తుంటాను.