టీసీ రాలేదని బిడ్డను ఇంట్లో కూర్చోబెట్టకండి

శ్రోతలకు నమస్కారం. మహారాష్ట్రలోని మా సిరోంచ వైపు నుంచి గోదావరి వంతెన దాటి హైదరాబాదుకు పనులకు వెళ్లే కుటుంబాలు ఎన్నో. పెద్దవాళ్లకు ఏదో ఒక పని దొరుకుతుంది. పిల్లల బడి మాత్రం మధ్యలో ఆగిపోతుంది. ఈరోజు ఆ ఒక్క సంగతే మాట్లాడతాను.

నాకు బాగా తెలిసిన కుటుంబం ఒకటుంది. తండ్రి తాపీ మేస్త్రీ. పాప ఇక్కడ జిల్లా పరిషత్ మరాఠీ బడిలో నాలుగో తరగతి. దీపావళి సెలవుల్లో సామాను సర్దుకుని వెళ్లిపోయారు. బడి మూసి ఉంది కాబట్టి దాఖలా, అదే టీసీ, తీసుకోవడం కుదరలేదు. హైదరాబాదులో తల్లి పాపను దగ్గర్లోని సర్కారు బడికి తీసుకెళ్తే, "టీసీ తెచ్చుకోమ్మా, అప్పుడు చూద్దాం" అన్నారు. తండ్రి కూలి పోగొట్టుకుని ఊరికొచ్చాడు. ఆ రోజు ఇక్కడి హెడ్మాస్టరు గారు మీటింగుకు వెళ్లారు. వట్టి చేతులతోనే తిరిగి బస్సెక్కాడు.

పాప ఏం చేసింది? కడుతున్న బిల్డింగు కింద తమ్ముణ్ణి ఆడిస్తూ కూర్చుంది. సంక్రాంతి దాకా అలాగే కూర్చుంది. ఎక్కాలు గడగడా చెప్పే పిల్ల. నేను హైదరాబాదు వెళ్లినప్పుడు చూసి కడుపు తరుక్కుపోయింది.

మర్నాడే వాళ్లతో కలిసి ఆ బడికి వెళ్లాను. తెల్లకాగితం మీద దరఖాస్తు రాశాం. విద్యాహక్కు చట్టం 2009, అయిదో సెక్షన్. టీసీ ఆలస్యమైందని చేర్చుకోవడం ఆపకూడదు, కాదనకూడదు. వేరే రాష్ట్రం నుంచి వచ్చినా అంతే. హెడ్మాస్టరు గారు చదివారు, పాపను క్లాసులోకి పంపారు. టీసీ తర్వాత వచ్చింది.

మళ్లీ చెబుతున్నాను, టీసీ తర్వాత వచ్చినా ఫర్వాలేదు. బిడ్డ ముందు బడిలో ఉండాలి. ఇది ఎనిమిదో తరగతి వరకు, సర్కారు బడుల్లో ఉన్న హక్కు. పుట్టిన తేదీ కాగితం లేదన్నా చేర్చుకోవాల్సిందే, పద్నాలుగో సెక్షన్ ఆ మాటే చెబుతుంది. ఆధార్ లేదని బడిలో చేర్చుకోకుండా ఉండకూడదని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది.

చదువు మధ్యలో ఆగిందని కింది తరగతికి దించుతామంటే ఒప్పుకోకండి. వయసుకు తగ్గ తరగతిలోనే చేర్చుకుని, వెనకబడిన పాఠాలు విడిగా నేర్పాలి. ఒక్క కష్టం మాత్రం నిజం. మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో మరాఠీ చదువుతారు. ఆ పాపకు బోర్డు మీద రాసిన తన పేరే చదవడం రాలేదు. హైదరాబాదులో ఏ మీడియమైనా తెలుగు సబ్జెక్టు తప్పదు. వెళ్లేముందే అక్షరాలు దిద్దించండి, తల్లులారా. అది మనింట్లో మనమే చేయగల పని.

ఇంకోటి. మన విదర్భలో ఎండల వల్ల బడులు జూన్ ఆఖర్లో తెరుస్తారు, అక్కడ జూన్ రెండో వారంలోనే మొదలవుతాయి. వేసవిలో వెళ్లేవాళ్లు మన బడి తెరిచేదాకా ఆగొద్దు. పరీక్షలు కాగానే హెడ్మాస్టరు గారిని కలిసి టీసీ అడగండి, పాప పెన్ నంబరు, అంటే ప్రతి విద్యార్థికీ ఇచ్చే శాశ్వత నంబరు, రాయించుకోండి. కంప్యూటరులో పాత బడివాళ్లు పాప పేరును వదిలితేనే కొత్త బడి తన లెక్కలో చేర్చుకోగలదు. ఇద్దరు హెడ్మాస్టర్లు ఫోన్‌లో మాట్లాడుకుంటే అయిపోయే పని. అందుకని మన హెడ్మాస్టరు గారి ఫోన్ నంబరు కూడా అదే కాగితం మీద రాసుకుని వెళ్లండి.