ఉల్లికి ఉన్న విలువ ఉద్యోగానికి లేదా?

అందరికీ నమస్కారం.

1998లో ఉల్లి ధర చుక్కలనంటింది. ఆ ఏడాది చివర్లోనే ఢిల్లీ, రాజస్థాన్‌లలో అధికారంలో ఉన్న బీజేపీ ఓడిపోయింది. ఉల్లి ఒక్కటే కారణమని నేననను. కానీ ఆ దెబ్బతో ప్రభుత్వాలకు ఉల్లి అంటే భయం పట్టుకుంది. 2023 డిసెంబరులో ధర పెరుగుతోందనగానే కేంద్రం ఎగుమతులు ఆపేసింది. పండించిన రైతు గోడు ఎవరికి పట్టింది? సరే, అది ఇంకో రోజు మాట్లాడుకుందాం. ఉద్యోగాలు లేవని ఇంత హడావిడిగా ఒక్క ఉత్తర్వు వచ్చిందా, చెప్పండి.

ధర పెరిగితే మార్కెట్లో పక్కవాళ్లతో కలిసి తిట్టుకుంటాం. కొడుక్కి ఉద్యోగం లేకపోతే మాత్రం నోరు మెదపం. పెళ్లిలో ఎవరైనా "అబ్బాయి ఏం చేస్తున్నాడండీ?" అని అడిగితే "గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నాడు" అనేసి, కూర వడ్డించే కుర్రాణ్ణి పిలుస్తాడు తండ్రి. పైగా తప్పు పిల్లాడిదే అనుకుంటాం, సరిగ్గా చదవలేదని.

హైదరాబాద్ అశోక్‌నగర్ హాస్టళ్లలో ఉండి సర్కారు ఉద్యోగ పరీక్షలకు చదివేవాళ్లు ఏం తప్పు చేశారు? 2022 అక్టోబరులో రాసిన గ్రూప్-1 ప్రిలిమ్స్ పేపర్ లీకేజీ వల్ల రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ రాస్తే, దాన్ని హైకోర్టు రద్దు చేసింది. వాళ్లంతా ఒక్కచోట ఉన్నారు కాబట్టే ఆ కోపం రోడ్డు మీదికొచ్చి, ఆ ఏడాది ఎన్నికల్లో పెద్ద విషయమైంది. ఊళ్లలో ఎవరింట్లో వాళ్లుంటే వినేదెవరు?

లెక్కల్లోనూ ఉద్యోగం లేనివాళ్లు సరిగ్గా కనబడరు. వారంలో ఒక్క గంట పని చేసినా ఆ వారానికి నిరుద్యోగి కాదంటుంది కేంద్రం చేసే ఉపాధి సర్వే. బీటెక్ చదివి, జీతం లేకుండా నాన్న కిరాణా కొట్లో కూర్చున్నా పనిలో ఉన్నట్టే.

ధరల గొడవ ఉత్తదని మాత్రం అనుకోకండి. కూలి పెరగకుండా పప్పు, నూనె పెరిగితే కూలీ ఇంట్లో తిండే తగ్గుతుంది. అందుకే 2016లో చట్టం మార్చి ద్రవ్యోల్బణానికి, అంటే ధరలు పెరిగే వేగానికి, 4 శాతం లక్ష్యం, 6 శాతం పైహద్దు పెట్టడం నా దృష్టిలో మంచి పనే. వరసగా మూడు త్రైమాసికాలు ఆ హద్దు దాటితే రిజర్వ్ బ్యాంక్ ప్రభుత్వానికి సంజాయిషీ రాయాలి. 2022లో రాసింది కూడా. ఆ ఉత్తరాన్ని మనకు చూపించలేదనుకోండి!

2025 మే నుంచి నిరుద్యోగ లెక్కలు కూడా నెలనెలా వస్తున్నాయి. ఆ అంకె ఎంత దాటితే ఎవరు ఎవరికి సంజాయిషీ రాయాలో మాత్రం ఏ చట్టంలోనూ లేదు.