జర్మన్ యుద్ధ ఖైదీలు: మొదటి బంతి, ఆఖరి బంతి

రెండో ప్రపంచ యుద్ధం టాపిక్ ఎత్తితే చాలు, "మిత్రరాజ్యాలు జర్మన్ ఖైదీల్ని బాగా చూశాయా, చంపేశాయా?" అని ఎవరో ఒకరు అడుగుతారు. చిరాకేస్తుంది నాకు. ఎందుకంటే అడిగేవాడు అప్పటికే ఏదో ఒక జట్టులో ఉంటాడు. ఒక జట్టు టెక్సాస్ క్యాంపుల్లో ఖైదీలు ఫుట్‌బాల్ ఆడుతున్న ఫోటోలు చూపిస్తుంది. ఇంకో జట్టు జర్మనీలో రైన్ నది ఒడ్డున బురద పొలాలు చూపించి దాదాపు పది లక్షల మంది పోయారంటుంది.

పెళ్లి భోజనం గుర్తు తెచ్చుకోండి. మొదటి బంతిలో కూర్చున్నవాడికి బూరెలు, గారెలు, పప్పులో నెయ్యి, వద్దన్నా వడ్డిస్తారు. ఆఖరి బంతికి నీళ్ల సాంబారు, అడుగంటిన అన్నం. భోజనం ఎలా ఉందని అడిగితే ఇద్దరూ నిజమే చెప్తారు.

1943 మేలో ఉత్తర ఆఫ్రికాలోని ట్యునీషియాలో లొంగిపోయినవాళ్లది మొదటి బంతి. బ్రిటన్‌లో చోటు లేదు, తిండికీ కటకట. సరుకు దింపిన అమెరికా ఓడలు ఎలాగూ ఖాళీగా వెనక్కి పోతున్నాయి కదా అని వాటిలో ఎక్కించేశారు. అలా యుద్ధం ముగిసేలోపు 3,70,000 మందికి పైగా జర్మన్లు అమెరికా చేరారు. 1929 జెనీవా ఒప్పందం ప్రకారం ఖైదీకి సొంత సైన్యంతో సమానంగా తిండి పెట్టాలి, పెట్టారు. పత్తి తీస్తే రోజుకు 80 సెంట్లు, క్యాంటీన్ కూపన్లలో. అమెరికా దక్షిణాదిలో నల్లజాతి సైనికుల్ని రానివ్వని హోటళ్లలో ఈ ఖైదీలు దర్జాగా కూర్చుని తిన్నారు, అదొక్కటి మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. అన్నట్టు 1944 డిసెంబరులో అరిజోనాలోని పాపగో పార్క్ నుంచి 25 మంది సొరంగం తవ్వి పారిపోయారు. వాళ్లలో ముగ్గురు మ్యాప్‌లో నది చూసుకుని మడత పడవ కూడా చేసుకెళ్లారు. తీరా చూస్తే పడవ తేలేంత నీళ్లే లేవు!

ఈ మర్యాదంతా మంచితనమేనా అంటే, సగమే. అమెరికా సైనికులు కూడా జర్మనీ చేతిలో ఉన్నారు మరి. మన పిల్ల వియ్యంకుడి ఇంట్లో ఉన్నంత కాలం వాళ్ల తరఫువాళ్లకి వడ్డనలో లోటు రానిస్తామా? 1945 మే నెలకల్లా పిల్ల ఇంటికొచ్చేసింది.

అప్పటికే ఆఖరి బంతి కూర్చుంది. ఏప్రిల్‌లో జర్మనీలోని ఒక్క రూర్ ప్రాంతంలోనే మూడు లక్షల మందికి పైగా లొంగిపోయారు. రెమాగెన్, సింజిగ్, బాడ్ క్రొయిజ్‌నాక్ దగ్గర పొలాల చుట్టూ ముళ్లకంచె వేసి తోలేశారు. చాలామందికి గుడారాల్లేవు, వానలో చేతులతో గుంతలు తవ్వుకుని పడుకున్నారు. పైగా 'యుద్ధ ఖైదీ' అన్న పేరే తీసేసి 'నిరాయుధ శత్రు దళాలు' అని రాశారు. ఖైదీ అంటే అమెరికన్ సైనికుడి తిండి పెట్టాలి, బయటేమో ఊళ్లకి ఊళ్లు పస్తులున్నాయి. అంటే మండపంలోకి రానిచ్చి, నీకు శుభలేఖే ఇవ్వలేదు పొమ్మన్నట్టు.

మరి పది లక్షల మాట? 1989లో ఒక కెనడా రచయిత అమెరికా సైన్యం పట్టికల్లో 'అదర్ లాసెస్' (ఇతర నష్టాలు) అనే కాలమ్ చూసి, అవన్నీ చావులే అన్నాడు. వేరే చోటికి మార్చినవాళ్లు, కాగితాల్లేకుండా ఇంటికి పంపేసిన ముసలాళ్లు, పిల్లలు కూడా ఆ కాలమ్‌లోనే ఉన్నారు. ఖాళీ విస్తళ్లు లెక్కపెట్టి ఇంతమంది పోయారన్నట్టుంది. చరిత్రకారులు ఎక్కువమంది చెప్పే లెక్క 3,000 నుంచి 10,000. కొన్ని నెలల్లో అంతమంది పోవడం చిన్న విషయమేం కాదు, దాన్ని పెంచి చెప్పాల్సిన పనే లేదు.

టైం అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తా. బ్రిటన్ 1946లో నాలుగు లక్షల మందిని ఉంచుకుని పొలాల్లోనూ, ఇతర చోట్లా పని చేయించింది, చివరివాళ్లని 1948లో గానీ పంపలేదు. కొందరు వెళ్లనే లేదు, గోల్‌కీపర్ ట్రాట్‌మన్ అలా ఉండిపోయి మాంచెస్టర్ సిటీకి ఆడాడు. ప్రమాదకరమైన పని చేయించొద్దని ఒప్పందంలో ఉన్నా ఫ్రాన్స్ మందుపాతరలు తీయించింది. ఇక సోవియట్ యూనియన్ ఆ ఒప్పందంలో లేనే లేదు, అక్కడ పెళ్లివారింట్లోనే అన్నం లేదు, పైగా జర్మనీ చేతిలో సోవియట్ ఖైదీలు ముప్ఫై లక్షల మంది దాకా చచ్చిపోయారు. స్టాలిన్‌గ్రాడ్‌లో పట్టుబడ్డ 91,000 మందిలో ఇల్లు చేరింది ఆరు వేల లోపే. 1955 సెప్టెంబరులో పశ్చిమ జర్మనీ ఛాన్సలర్ అడెనార్ మాస్కో వెళ్లి మాట్లాడాక గానీ మిగిలిన దాదాపు పది వేల మంది ఇంటికి కదల్లేదు. మందుపాతరల సంగతి ఇంకో వీడియోలో.