వయసొస్తే ఆలోచన వస్తుందా?

అందరికీ నమస్కారం. "పెద్దయ్యాక వాడికే తెలుస్తుందిలే" అని మన ఇళ్లలో అంటుంటాం కదా, ఆ మాటలో సగమే నిజం.

11, 12 ఏళ్లకు పిల్లలు కళ్లెదుట లేనిదాన్ని కూడా "ఒకవేళ ఇలా జరిగితే" అని ఊహించి తర్కించడం మొదలుపెడతారని స్విస్ మనస్తత్వవేత్త పియాజే అన్నాడు. ఇంట్లో ఎదురు ప్రశ్నలు మొదలయ్యేదీ దాదాపు అప్పుడే (మనం దానికి పొగరని పేరు పెడతాం, అది వేరే సంగతి). అయితే 1972లో ఆయనే తన మాట సవరించుకున్నాడు: కొందరికి ఇది 15-20 ఏళ్ల మధ్య రావచ్చు, అదీ వాళ్లకు పట్టున్న పనిలోనే కనిపించవచ్చు అని. అంటే చదువుకోని మెకానిక్‌కి ఆలోచన లేదనుకోవద్దు, ఇంజన్ దగ్గర అడిగి చూడండి.

అమెరికాలోని హార్వర్డ్ యూనివర్సిటీలో మనస్తత్వవేత్త విలియం పెర్రీ 1950లు, 60లలో విద్యార్థులతో ఏటేటా మాట్లాడాడు. మొదట్లో వాళ్ల దృష్టిలో ఏ ప్రశ్నకైనా ఒకటే సరైన జవాబు, అది మాస్టారికి తెలుసు. కొన్నాళ్లకు "ఎవరి అభిప్రాయం వాళ్లది". చాలామందిమి ఇక్కడే ఆగిపోతామని నా అనుమానం, ఎందుకంటే పైకి అది పెద్దమనసులా కనిపిస్తుంది గానీ, నిజానికి ఆలోచించే శ్రమ తప్పించుకోవడమే. ఏ అభిప్రాయానికి ఆధారం గట్టిగా ఉందో తూచి, రేపు తప్పని తేలవచ్చని తెలిసి కూడా ఒక పక్కన నిలబడటం ఆ తర్వాతి మెట్టు.

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది అమెరికన్ మనస్తత్వవేత్త డియానా కూన్ 1991లో ప్రచురించిన అధ్యయనం. హైస్కూలు పిల్లల నుంచి 60లలో ఉన్నవాళ్ల దాకా 160 మందిని అడిగారు: జైలు నుంచి వచ్చినవాళ్లు మళ్లీ నేరాలెందుకు చేస్తారు, పిల్లలు బడిలో ఎందుకు ఫెయిలవుతారు, నిరుద్యోగానికి కారణమేంటి? కారణాలు అందరూ టకటకా చెప్పేశారు. "అదే కారణమని ఎలా తెలుసు? మీతో ఒప్పుకోనివాళ్లు ఏమంటారు?" అన్నప్పుడు మాత్రం చాలామంది ఆధారం చూపకుండా చెప్పిందే ఇంకోలా చెప్పారు. అరవై ఏళ్ల అనుభవం ఇక్కడ పెద్దగా అక్కరకు రాలేదు, తేడా కనిపించింది చదువు దగ్గరే.

మరి సరిగ్గా పియాజే చెప్పిన ఆ 15-20 ఏళ్ల వయసులో, ఇంటర్ రెండేళ్లూ, మన పిల్లలతో చేయిస్తున్నది బిట్లు బట్టీ పట్టించడం. ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్) ర్యాంకు వద్దనే ధైర్యం నాకు లేదు. కానీ లెక్చరర్లూ, వారానికి ఒక్క పీరియడ్ సిలబస్ పక్కన పెట్టి, పిల్లాడు నమ్మే మాటకు ఎదుటివాడి తరఫున వాదన వాడి చేతే చెప్పించండి, తర్వాత దానికి జవాబు కూడా వాడినే చెప్పమనండి. మొదటి నెల క్లాసంతా గోలగోలగా ఉంటుంది, పక్క క్లాసు వాళ్లు ఫిర్యాదు చేసినా ఆపకండి.