దున్నడానికి పనికిరాని నేల

శ్రోతలందరికీ నమస్కారం.

ముందుగా ఒక మాట చెప్పేస్తాను. నాకు గోల్ఫ్ ఆడటం రాదు. చిన్నప్పుడు వీధిలో ఆడిన బిళ్లంగోడు తప్ప కర్రతో కొట్టే ఆట ఇంకేదీ ఆడి ఎరగను. అలాంటివాణ్ణి గోల్ఫ్ మైదానాల గురించి మాట్లాడతానని ఎందుకు ఒప్పుకున్నానంటే, దానికి కారణం ఒక వాసన.

నాలుగైదేళ్ల కిందట మా అమ్మాయి దగ్గర కొన్నాళ్లు ఉందామని స్కాట్లాండ్ వెళ్లాను. తను ఇన్వర్‌నెస్ ఊళ్లో డాక్టరు. అది మే నెలాఖరు. మనవైపు రోహిణి కార్తె ఎండలకు రోళ్లు పగిలే రోజుల్లో నేను అక్కడ స్వెట్టరు మీద కోటు తొడుక్కుని కూర్చున్నాను. పక్కింట్లో డెబ్భై దాటిన ఒక పెద్దాయన ఉండేవాడు. ఒక ఆదివారం పొద్దున్నే తలుపు తట్టి, "డోర్నోక్ వెళ్తున్నాను, వస్తారా?" అన్నాడు. ఇంట్లో కూర్చుని చేసేదేముంది, కారెక్కాను.

ఉత్తరంగా 70 కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం. కారు దిగి గోల్ఫ్ మైదానం పక్క కాలిబాట పట్టామో లేదో గుప్పున కొబ్బరి వాసన. పచ్చికొబ్బరి కోరుతుంటే వంటింట్లోంచి వస్తుందే, అచ్చం అదే. కోనసీమలో అయితే ఆశ్చర్యం లేదు. కొబ్బరి చెట్టన్నది మచ్చుకైనా లేని చోట ఇదేమిటని అటూ ఇటూ చూశాను. పెద్దాయన నవ్వి కొండవాలు వైపు చెయ్యి చూపించాడు. వాలంతా పసుపు ముద్దలా ఉంది. గోర్స్ అనే ముళ్ల పొద అట. దాని పువ్వుది కొబ్బరి వాసన. దగ్గరికెళ్లి ఒక పువ్వు తెంపబోతే రెండు ముళ్లు దిగాయి. బంతి ఆ పొదలో పడిందంటే దాని మీద ఆశ వదులుకోవడమే అన్నాడాయన. చేతికి వచ్చిన రక్తం చూసుకుంటూ నేనూ ఒప్పుకున్నాను.

ఇలాంటి సముద్రపు ఒడ్డు మైదానాలను లింక్స్ అంటారు. నేను ఈ మాటను దేన్నో దేనితోనో కలిపే లింకు అనుకునేవాణ్ణి. కాదట. గట్టు, దిబ్బ అనే అర్థమున్న పాత మాట అది. మంచుయుగం పోయాక సముద్రం వెనక్కి జరిగితే, ఒడ్డున మిగిలిన ఇసుకను గాలి ఎగరేసి ఎగరేసి దిబ్బలుగా పోసింది. మన తీరంలో రావణాసురుడి మీసాలనే గడ్డి ఇసుకను కదలకుండా పట్టి ఉంచినట్టు, అక్కడ మారమ్ గడ్డి ఆ దిబ్బలను పట్టి ఉంచింది. వాటి వెనక సన్నటి గడ్డి మొలిచింది. కుందేళ్లు, గొర్రెలు దాన్ని మొదలంటా కొరికి తివాచీలా చేశాయి. ఉప్పుగాలికి చెట్టు నిలవదు, ఇసుకలో పంట పండదు. అందుకని రైతు ఆ నేల జోలికి పోలేదు. ఊరివాళ్లు అక్కడ గొర్రెల్ని మేపారు, బట్టలారేశారు, బంతులాడుకున్నారు. ఆ ఆట పిచ్చి ఎంతదాకా పోయిందంటే, జనం విలువిద్య సాధన మానేసి గోల్ఫ్, ఫుట్‌బాల్ ఆడుతున్నారని 1457లో స్కాట్లాండ్ పార్లమెంటు ఆ రెండింటినీ నిషేధించింది. ఎవరూ విన్నట్టు లేదు.

టీవీలో కనిపించే గోల్ఫ్ మైదానాలు చాలావరకు తోటల్లా ఉంటాయి. చెరువులు, చెట్లు, మెత్తటి పచ్చిక. బంతిని గాల్లోకి ఎత్తి కొడితే పడ్డచోటే ఆగుతుంది. లింక్స్ నేల వేరు. కింద ఇసుక కావడంతో ఎంత వాన పడినా నీళ్లు ఇంకిపోతాయి, పైన నేల గట్టిగా ఉంటుంది. బంతి అరుగు మీద పడ్డట్టు ఎగిరి, ఎటు పల్లముంటే అటు దొర్లిపోతుంది. పైగా గాలి. ఎత్తుగా కొడితే గాలి ఎక్కడికి మోసుకుపోతుందో తెలీదు. కాబట్టి తెలిసినవాడు తక్కువ ఎత్తులో కొట్టి, నేల వాలు చూసి దొర్లిస్తాడు. గోళీలాటలో చెయ్యి తిరిగినవాళ్లకు ఈ కిటుకు చెప్పక్కర్లేదు. ప్రపంచంలో ఉన్న గోల్ఫ్ మైదానాల్లో అసలైన లింక్స్ నూటికి ఒకటి కూడా ఉండవు.

డోర్నోక్ చాలా చిన్న ఊరు. అయినా ఇక్కడ గోల్ఫ్ ఆడారనడానికి 1616 నాటి ఆధారం ఉంది. సదర్‌లాండ్ ప్రాంతపు ప్రభువు ఇంటి కుర్రాడికి గోల్ఫ్ కర్రలు, బంతులు కొన్న ఖర్చు ఆ ఏటి లెక్కల్లో కనిపిస్తుంది. ఎవరో గుమాస్తా రాసిన పద్దు నాలుగు వందల ఏళ్ల తర్వాత ఊరికి పేరు తెచ్చింది. క్లబ్బు పెట్టింది 1877లో. 1886లో సెయింట్ ఆండ్రూస్ అనే ఊరి నుంచి ఓల్డ్ టామ్ మోరిస్‌ను పిలిపించారు. బ్రిటన్‌లో జరిగే పెద్ద గోల్ఫ్ పోటీ ఓపెన్ టోర్నమెంటును నాలుగుసార్లు గెలిచినవాడు, మైదానాలు వెయ్యడంలో పెద్ద చెయ్యి. ఆయన వచ్చి చేసిందల్లా నేలంతా నడిచి, ఇక్కడ మొదలు, ఇక్కడ గుంట అని చూపించడమే. మట్టి తవ్వి పోసింది పెద్దగా లేదు. 1906లో రాజుగారి అనుమతితో పేరుకు ముందు 'రాయల్' చేరింది.

అక్కడి గ్రీన్ గురించి కాస్త చెప్పాలి. గుంట చుట్టూ నున్నగా కత్తిరించి ఉంచే పచ్చికను గ్రీన్ అంటారు. డోర్నోక్‌లో గ్రీన్లు చాలావరకు బోర్లించిన మూకుళ్లు. సరిగ్గా మధ్యలో పడితే బంతి ఆగుతుంది. ఒక జానెడు అటో ఇటో అయితే నెమ్మదిగా కదిలి, అంచుదాకా పోయి, ఒక్క క్షణం ఆగినట్టే ఆగి, కిందికి జారిపోతుంది. కొట్టడం మొదలుపెట్టే చోటు నుంచి గుంటదాకా ఉన్న ఒక్కో దారిని హోల్ అంటారు. రెండో హోల్ దగ్గర పెద్దాయనకు సరిగ్గా అదే జరిగింది. కొట్టిన దెబ్బ ఎంతో బాగుంది, నేను చప్పట్లు కూడా కొట్టాను. బంతి మాత్రం మా ఇద్దరి కళ్లముందే దొర్లుకుంటూ ఎడమ పక్క పల్లంలోకి దిగిపోయింది. "ఈ మైదానంలో అన్నిటికన్నా కష్టమైన రెండో దెబ్బ ఏది అంటే, ఈ హోల్‌లో కొట్టే రెండో దెబ్బ" అన్నాడు. అది అక్కడ అందరూ అనే మాటేనట. చమత్కారం ఏమిటంటే, అది మొదటి దెబ్బకే గ్రీన్ చేరాల్సిన పొట్టి హోల్. రెండో దెబ్బ కొట్టాల్సి వచ్చిందంటేనే మూకుడు మీంచి జారిపడ్డారన్నమాట. ఆయన కింద నుంచి కొట్టిన బంతి గ్రీన్ దాటి అవతలి పక్క పడింది. అక్కణ్ణుంచి కొట్టింది మళ్లీ ఇవతలికి వచ్చింది. నేను చప్పట్లు మానేసి సముద్రం చూస్తూ నిలబడ్డాను.

పద్నాలుగో హోల్ పేరు ఫాక్సీ. నక్కజిత్తులది అనుకోండి. గోల్ఫ్ మైదానమంటే ఆటగాణ్ణి ఇబ్బంది పెట్టడానికి ఇసుక గోతులు తవ్వుతారు కదా, బంకర్లు. ఫాక్సీలో అలాంటి గొయ్యి ఒక్కటీ లేదు. నేల ఒంపు, ఎత్తు మీదున్న గ్రీన్, గాలి, అంతే. ఆడినవాళ్లు దీన్ని మర్చిపోలేమంటారు.

ఈ ఊళ్లో 1872లో డోనాల్డ్ రాస్ అనే కుర్రాడు పుట్టాడు. వడ్రంగం నేర్చుకున్నాడు. సెయింట్ ఆండ్రూస్ వెళ్లి ఓల్డ్ టామ్ దగ్గర పనిచేసి, తిరిగొచ్చి సొంత ఊళ్లో మైదానం చూసుకునే ఉద్యోగం చేశాడు. 1899లో అమెరికా వెళ్లాడు. అక్కడ నాలుగు వందల దాకా మైదానాలు వేశాడు. నార్త్ కరోలినాలో పైన్‌హర్స్ట్ నంబర్ టూ అనే మైదానం ఆయన వేసిందే. అక్కడి గ్రీన్లూ బోర్లించిన మూకుళ్లే. నార్త్ కరోలినాలో గోల్ఫ్ నేర్చుకుంటున్న మన తెలుగు కుర్రాళ్లు ఎవరైనా అక్కడ ఆడి, బంతి జారిపోయిందని విసుక్కుంటే, ఆ మూకుడు ఎక్కడిదో ఇప్పుడు మీరు చెప్పొచ్చు.

ఇంత మంచి మైదానంలో ఓపెన్ టోర్నమెంటు మాత్రం ఎప్పుడూ జరగలేదు. దూరం అంతే. 1902లో చిన్న రైలు మార్గం వేశారు, 1960లో మూసేశారు. సముద్రపు పాయ మీద రోడ్డు వంతెన 1991లోగాని రాలేదు. అంతవరకు చుట్టూ తిరిగి రావాల్సిందే. ఈ దూరమే మైదానాన్ని కాపాడిందని నా అనుమానం. జనం ఎగబడి ఉంటే ఈపాటికి నేలను ఎన్నిసార్లు తవ్వి పూడ్చేవారో! ఇప్పుడు మాత్రం ఎగబడుతున్నారు. వేసవిలో ఒక్కసారి ఆడటానికి వందల పౌండ్లు అవుతుంది. నాలాగా నడవడానికైతే రూపాయి ఖర్చు లేదు. స్కాట్లాండ్‌లో 2003లో తెచ్చిన చట్టం ప్రకారం ఎవరైనా గోల్ఫ్ మైదానం దాటుకుంటూ నడిచి వెళ్లొచ్చు. ఆటకు అడ్డం పడకూడదు, గ్రీన్ తొక్కకూడదు. నేను రెండూ చెయ్యలేదు. నా గొడుగు మాత్రం గాలికి తిరగబడి ఎగిరి, ఒక ఆయన కొట్టబోతున్న బంతికి ఎదురుగా పడింది. ఆయన ఏమీ అనకుండా తెచ్చి ఇచ్చి, ఈ దేశంలో గొడుగు వాడకూడదండీ అన్నాడు.

తిరుగు దారి పట్టకుండా పెద్దాయన ఇంకా ఉత్తరానికి పోనిచ్చాడు. గోల్స్‌పీ అనే ఊరు వచ్చింది. అక్కడా సముద్రం పక్కన మంచి మైదానం ఉంది. ఆడుతూ తలెత్తితే ఎదురుగా కొండ మీద ఒక నిలువెత్తు విగ్రహం. మొదటి సదర్‌లాండ్ డ్యూక్‌ది. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో ఆయనా, ఆయన భార్యా తమ భూముల్లో గొర్రెల పెంపకం లాభమని లోయల్లో తరాలుగా ఉంటున్న వేలమందిని ఖాళీ చేయించారు. ఇళ్లు తగలబెట్టిన చోట్లూ ఉన్నాయి. వెళ్లగొట్టినవాళ్లను ఈ ఒడ్డుకు తెచ్చి, చేపలు పట్టుకు బతకమన్నారు. కొందరు ఓడలెక్కి కెనడా వెళ్లిపోయారు. ఆ విగ్రహం పెట్టింది 1837లో. దాన్ని పడగొట్టాలనే వాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పెద్దాయన దాని వైపు చూడనైనా చూడలేదు.

పడమటి దీవుల్లోనూ ఇలాంటి కథే. సౌత్ యుయిస్ట్ దీవిలో ఆస్కర్నిష్ అనే చోట 1891లో ఓల్డ్ టామ్ పద్దెనిమిది హోల్స్ వేశాడు. అప్పటికి ఆయన వయసు డెబ్భై. పిలిచింది దీవి యజమానురాలు లేడీ గోర్డన్ క్యాత్‌కార్ట్. ఆవిడకూ రైతులకూ పడేది కాదు. తర్వాత మైదానం పాడుబడింది. 1930లలో అక్కడ విమానాలు దించారు. చివరికి దిబ్బలు గడ్డిలో కలిసిపోయి, ఎక్కడ ఏ హోల్ ఉండేదో తెలియకుండా పోయింది. 2005లో గోర్డన్ ఇర్విన్ అనే మైదానాల నిపుణుడు వచ్చి, దిబ్బల మధ్య తిరిగి పాత మైదానం ఆనవాళ్లు పోల్చుకున్నాడు. బుల్డోజర్లు తేలేదు, మందులు చల్లలేదు. గడ్డి కోసి, జెండాలు పాతి, 2008లో మళ్లీ ఆట మొదలుపెట్టారు. పశువుల మేత హక్కు తమదని కొందరు రైతులు భూమి కోర్టుకెక్కారు కూడా. ఈలోగా 2006లో దీవి ప్రజలే కలిసి ఆ ఎస్టేటును కొనేసుకున్నారు. ఇప్పటికీ చలికాలంలో అక్కడ పశువులే మేస్తాయి. నేను ఆ దీవికి వెళ్లలేదు. ఓడ ప్రయాణం, నా కడుపు, రెండూ పొసగవు.

కొత్తగా మైదానం వెయ్యాలంటే మాత్రం ఇప్పుడు అంత తేలిక కాదు. డోర్నోక్ పక్కనే కూల్ లింక్స్ అనే దిబ్బలున్నాయి. అరుదైన మొక్కలు, పక్షులు, పురుగులు ఉన్న చోటు. అక్కడ గోల్ఫ్ మైదానం వేస్తామంటే ఊళ్లో చాలామంది ఉద్యోగాలొస్తాయని సరే అన్నారు. ప్రకృతి సంఘాలు వద్దన్నాయి. 2020లో స్కాట్లాండ్ ప్రభుత్వం కాదంది. తర్వాత మళ్లీ దరఖాస్తు పెట్టారు. నన్నడిగితే ప్రభుత్వం అన్నదే సబబు. పక్కన ఇన్ని ఉండగా ఇంకొకటి ఎందుకండీ? కానీ ఆ ఊళ్లో పని దొరక్క పిల్లల్ని పట్నం పంపిన తల్లిదండ్రుల్లో నేనూ ఒకణ్ణయితే ఇంత ధీమాగా చెప్పేవాణ్ణి కాదేమో.

చివరికి బ్రోరా చేరేసరికి సాయంత్రం ఎనిమిది. సాయంత్రమనే అనాలి, ఆ రోజుల్లో అక్కడ పదింటిదాకా పొద్దు గుంకదు. 1923లో జేమ్స్ బ్రెయిడ్ అనే ఛాంపియన్ తీర్చిదిద్దిన మైదానమిది. ఊరివాళ్లకు అక్కడ మేత హక్కులుండటంతో నేను వెళ్లినప్పుడు ఎటు చూసినా గొర్రెలే. అవి గ్రీన్ తొక్కకుండా ప్రతి గ్రీన్ చుట్టూ మోకాలెత్తు కరెంటు తీగ కట్టారు. అప్పటి రూలు ప్రకారం బంతి తీగకు తగిలితే ఆ దెబ్బ మళ్లీ కొట్టుకోవచ్చు. పేడలో పడితే తీసి పక్కన పెట్టుకోవచ్చు. ఈ రూల్స్ కార్డు మీద అచ్చువేసి ఉంటే చదివి నవ్వాను. క్లబ్బు గుర్తు ఆర్కిటిక్ టెర్న్ అనే పక్షి. ఏటా భూమికి ఆ కొసన ఉన్న అంటార్కిటికా దాకా వెళ్లి తిరిగొచ్చే పిట్ట. వాటి గూళ్ల దగ్గరికి పోతే తల మీద పొడుస్తాయని పెద్దాయన టోపీ సర్దుకున్నాడు.

ఆఖరి గంటలో మైదానంలో మేమిద్దరమే. ఒక గొర్రె పిల్ల తల్లి నుంచి తప్పి తీగ అవతల నిలబడి అరుస్తోంది. పెద్దాయన కర్ర కింద పెట్టి, ఒక చేత్తో ప్యాంటు కాస్త పైకి పట్టుకుని, కరెంటు తీగ మీంచి మెల్లగా ఒక కాలు, తర్వాత రెండో కాలు అటు వేశాడు. పిల్లను ఎత్తి ఇవతల వదిలాడు. అది తల్లి దగ్గరికి పరిగెత్తింది. ఆయన గ్రీన్ మీద నిలబడి గడియారం చూసుకున్నాడు. తొమ్మిదీ నలభై. "ఇంకో రెండు హోల్స్ ఆడొచ్చు" అన్నాడు.