వేదిక ఎక్కే దారి ఏది?

సభాధ్యక్షులకు, కార్యకర్తలకు, ముందు వరుసల్లోనూ వెనక వరుసల్లోనూ కూర్చున్న మీ అందరికీ నమస్కారం. పెద్దల పేర్లన్నీ చదవడం మొదలుపెడితే నాకిచ్చిన సమయంలో సగం అక్కడే అయిపోతుంది. పెద్దలు మన్నించాలి.

నాకిచ్చిన అంశం ‘సమాజ జీవితంలో వికలాంగుల భాగస్వామ్యం’. మూడు భాగాలుగా మాట్లాడాలని రాసుకొచ్చాను. సభకు రావడం, సభలో మాట్లాడడం, సభ తరఫున నిర్ణయం తీసుకోవడం. మొదటిదానికి మనం కాస్తో కూస్తో శ్రమపడతాం. రెండోదానికి అరకొరగా ఏదో చేస్తాం. మూడోదాన్ని తలపెట్టనే తలపెట్టం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పిన లెక్క ప్రకారం ప్రపంచంలో 130 కోట్ల మంది చెప్పుకోదగ్గ వైకల్యంతో బతుకుతున్నారు. దాదాపు ప్రతి ఆరుగురిలో ఒకరు. ఇప్పుడు మీరు సభ్యులుగా ఉన్న కమిటీని గుర్తు తెచ్చుకోండి. గ్రంథాలయ కమిటీ కావచ్చు, బడి తల్లిదండ్రుల కమిటీ కావచ్చు, నాటక సంఘం కావచ్చు. పన్నెండు మంది ఉన్న కార్యవర్గంలో ఈ లెక్కన ఇద్దరుండాలి. ఉన్నారా? చేతులెత్తనక్కర్లేదు. మనసులో లెక్కపెట్టుకోండి చాలు.

ముందు రావడం సంగతి. చాలామందికి ఆహ్వానం దగ్గరే తలుపు మూసుకుపోతుంది. ఇప్పుడు ఆహ్వానాలన్నీ రంగురంగుల బొమ్మగా ఫోనుకొస్తున్నాయి. చూపులేనివారి ఫోనులో ఉండే స్క్రీన్ రీడర్ టైపు చేసిన అక్షరాలను చదివి వినిపిస్తుంది. బొమ్మలో కలిసిపోయిన అక్షరాల దగ్గరికొచ్చేసరికి ‘ఫోటో’ అని ఒక్క మాట చెప్పి ఊరుకుంటుంది, లేదా తప్పులతడకగా చదువుతుంది. తేదీ, వేళ, చోటు, ఎవరిని అడగాలి అన్న నాలుగు సంగతులూ బొమ్మ కింద మామూలుగా టైపు చేయండి. రెండు నిమిషాల పని. ‘వివరాలకు ఫోన్ చేయండి’ అని నంబరొక్కటే ఇస్తే వినికిడి లేనివారికి దారి లేదు. సందేశం పంపినా జవాబిస్తామని రాయండి. రాశాక జవాబివ్వండి.

ఆహ్వానంలోనే ఒక ప్రశ్న ఉండాలి: ‘ఈ సభలో పాల్గొనడానికి మీకేం ఏర్పాటు కావాలి?’ మీ వైకల్యమేమిటని అడగవద్దు. ఆ పేరు తెలిసినంత మాత్రాన చేయాల్సిన ఏర్పాటు తెలియదు. చూపులేని ఇద్దరిలో ఒకరు బ్రెయిలీ చదువుతారు, ఇంకొకరు బ్రెయిలీ నేర్చుకోలేదు, ఫైలు ముందే పంపితే ఫోనులో వింటారు. ఆ ఫైలు కూడా కాగితాన్ని స్కాన్ చేసింది అయితే పనికిరాదు, అది మళ్లీ బొమ్మే. ఈ ప్రశ్న రెండు మూడు వారాల ముందే వెళ్లాలి. సభ రోజు పొద్దున పిలిస్తే సైగల భాష అనువాదకులు దొరకరు.

స్థలం చూడడానికి వెళ్లినప్పుడు గేటు నుంచి తలుపు దాకా ఒక వీల్‌చైర్ తోసుకుంటూ వెళ్లండి. కంకర పోసిన దారి యాభై అడుగులున్నా చాలు, ముందు చక్రాలు చిన్నవి కాబట్టి కూరుకుపోతాయి. తలుపు దగ్గర 90 సెంటీమీటర్ల ఖాళీ కావాలి. రెండు రెక్కల తలుపులో ఒక రెక్కకు గడియ వేసే ఉంచుతారు. ఆ గడియ తీయించండి. లోపల కుర్చీ తిరగడానికి అటు ఒకటిన్నర మీటరు, ఇటు ఒకటిన్నర మీటరు జాగా ఉండాలి. వీల్‌చైర్లన్నిటినీ ఒక మూలకు చేర్చకుండా వేర్వేరు వరుసల్లో అక్కడక్కడా కుర్చీలు తీసేసి చోటు చేయండి. వచ్చినవారు తమ మనుషుల పక్కన కూర్చుంటారు.

మరుగుదొడ్డి గురించి మాట్లాడడానికి మనం మొహమాటపడతాం. పడకూడదు. అందరికీ వీలైన మరుగుదొడ్డి ఉందని కాగితంలో ఉంటుంది. వెళ్లి చూస్తే తాళం. తాళం తీస్తే లోపల చీపుర్లు, బకెట్లు, విరిగిన కుర్చీలు. దాని తలుపు బయటికి తెరుచుకోవాలి, ఎందుకంటే లోపలికి తెరుచుకునే తలుపు వెనక మనిషి పడిపోతే బయటివాళ్లు తోసినా రాదు. ఈ సదుపాయం ఉంటుందో లేదో నమ్మకం లేక పొద్దున్నుంచి మంచినీళ్లు ముట్టకుండా సభలకు వచ్చేవాళ్లున్నారు. వాళ్లు ఎవరికీ చెప్పరు. మధ్యలో లేచి వెళ్లిపోతే ‘ఆసక్తి లేదు పాపం’ అని మనమే అనుకుంటాం.

ఇక్కడిదాకా బాగా చేసినవాళ్లు కూడా ఒకచోట ఆగిపోతారు. ఇక్కడ నేను రాసుకొచ్చిన వరుస తప్పుతున్నాను. తప్పనివ్వండి, ఎందుకంటే నేను చెప్పాల్సింది ఇదే.

వేదిక.

హాలు వాకిట్లో ర్యాంపు ఉంటుంది. వేదికకు ఉండదు. దీనర్థం ఏమిటో ఆలోచించండి. వికలాంగులు వస్తారని ఊహించాం. వచ్చి కింద కూర్చుని వింటారని ఊహించాం. అధ్యక్షత వహిస్తారని, తీర్మానం చదువుతారని, ఇంకొకరికి బహుమతి ఇస్తారని ఊహించలేదు. ఆ హాలు నక్షా గీసినవారి దృష్టిలో శ్రోత ఎవరైనా కావచ్చు, వక్త మాత్రం మెట్లెక్కగలిగే మనిషి.

దయచేసి ఈ వేదికనే చూడండి. మెట్లు ఐదు. ఒక్కోటి 15 సెంటీమీటర్లు, మొత్తం 75. ర్యాంపుకు సాధారణంగా చెప్పే వాలు ఒకటికి పన్నెండు, అంటే ఒక మీటరు ఎత్తుకు పన్నెండు మీటర్ల పొడవు. 75 సెంటీమీటర్లకు 9 మీటర్లు కావాలి. పైన, కింద చెరి ఒకటిన్నర మీటరు చదును స్థలం కలిపితే 12 మీటర్లు. ఎత్తు ఇంతకు మించితే మధ్యలో ఇంకో చదును స్థలం ఇవ్వాలి. వెడల్పు 90 సెంటీమీటర్లకు తగ్గకూడదు, 120 ఉంటే హాయి. రెండు పక్కలా పట్టుకోవడానికి కమ్మీలు, చక్రం జారిపోకుండా అంచు వెంబడి చిన్న గట్టు. నున్నటి ప్లైవుడ్ తడిస్తే జారుతుంది కాబట్టి పైన గరుకు పట్టీలు అతికించాలి. అందం కోసం తివాచీ పరచకండి, చక్రాల కింద ముడుచుకుని కుర్చీని ఆపేస్తుంది, చంకకర్రలకు తగులుకుంటుంది.

మనం చేసేదేమిటి? సభకు గంట ముందు రెండు మీటర్ల చెక్క తెచ్చి మెట్ల మీద వాలుస్తాం. 75 సెంటీమీటర్ల ఎత్తుకు రెండు మీటర్ల చెక్క అంటే వాలు ఇంచుమించు ఒకటికి రెండున్నర. దాని మీద ముందు చక్రాలు గాల్లోకి లేస్తాయి, కుర్చీ వెనక్కి తిరగబడుతుంది. అలాంటి చెక్క ఉండడం కన్నా లేకపోవడమే నయం, ఎందుకంటే అది ఉంటే ఎవరో ఒకరు ఎక్కడానికి ప్రయత్నిస్తారు.

చెక్క కూడా లేనప్పుడు నలుగురు కుర్రాళ్లు ముందుకొస్తారు. ‘మేం ఎత్తేస్తాం సార్, మీరేం కంగారుపడకండి’ అంటారు. మంచి మనసుతోనే అంటారు. బ్యాటరీతో నడిచే వీల్‌చైర్లలో చాలావాటి బరువు మనిషి కూర్చోకముందే వంద కిలోలు దాటుతుంది. తలో చెయ్యీ వేసి దొరికినచోట పట్టుకుంటారు. చెయ్యి ఆనించుకునే పట్టీ, పాదాలు పెట్టుకునే పలక, ఇవన్నీ ఎన్నో కుర్చీల్లో ఊడదీయడానికి వీలుగా చేసిన భాగాలు. ఎత్తగానే ఊడి చేతికొస్తాయి. సరే, క్షేమంగానే పైకి చేర్చారనుకోండి. ఒక పెద్దావిడను, ఒక అధ్యాపకుణ్ణి, ఒక న్యాయవాదిని అందరి కళ్లముందూ మూటలా మోసుకెళ్లాక, ఆ మనిషి మైకు ముందు ఎంత గొప్పగా మాట్లాడినా జనానికి గుర్తుండేది మోసుకెళ్లడమే.

ఇక మూడో పద్ధతి: ‘మైకు కిందికే ఇస్తాం, మీరు అక్కణ్ణుంచే మాట్లాడండి.’ పైన ఆరుగురు, కింద ఒక్కరు. ఆ ఒక్కరి గొంతు ఎక్కణ్ణుంచి వస్తోందో వెనక వరుసలవాళ్లకు తెలియనే తెలియదు.

మెట్ల గురించి ఇంత గొడవెందుకని ఎవరికైనా అనిపించవచ్చు. 1990 మార్చిలో వాషింగ్టన్‌లో వికలాంగ ఉద్యమకారులు పదుల సంఖ్యలో తమ వీల్‌చైర్లు, చంకకర్రలు కింద వదిలేసి అమెరికా పార్లమెంటు భవనం మెట్లు పాకుతూ ఎక్కారు. వారిలో ఎనిమిదేళ్ల పాప కూడా ఉంది. వికలాంగుల పట్ల వివక్షను నిషేధించే చట్టం అప్పుడు ఆ భవనంలో ముందుకు కదలక నిలిచి ఉంది. ఆ ఏడాది జూలై 26న దానిమీద అధ్యక్షుడి సంతకం పడింది. చట్టాలు చేసే ఇంటి మెట్లనే వాళ్లు ఎంచుకున్నారు. నిర్ణయాలు జరిగే చోటికి వెళ్లే దారి తమకు లేదని అంతకన్నా తేటగా చూపించడం సాధ్యం కాదు.

మరి ఉపాయం? అందరూ కిందికి దిగండి. వందమంది లోపు సభకు వేదిక అక్కర్లేదు. అధ్యక్షులు, అతిథులు, వక్తలు అందరూ నేల మీదే, శ్రోతలకు ఎదురుగా, ఒకే ఎత్తులో కూర్చోవచ్చు. వెనకవాళ్లకు కనబడాలంటే 30 సెంటీమీటర్ల ఎత్తు చాలు, దానికి ర్యాంపు 3.6 మీటర్లే. వక్తలు నిలబడే ఆ చెక్క పోడియం కూడా పక్కకు పెట్టండి. దాని వెనక వీల్‌చైర్‌లో ఉన్నవారు, ఎత్తు తక్కువవారు కనబడరు. కింద మోకాళ్లకు చోటున్న బల్ల, దానిమీద వంచుకోగలిగే మైకు, లేదా చొక్కాకు తగిలించే మైకు ఉంటే అందరికీ సరిపోతుంది.

మాట్లాడడం సంగతికి వస్తాను. ‘నా గొంతు పెద్దది, మైకు అక్కర్లేదు’ అనే పెద్దలు ప్రతి సభలోనూ ఉంటారు. అయ్యా, మైకు మీ గొంతు కోసం కాదు. వినికిడి యంత్రం దగ్గరి మాటను బాగా అందుకుంటుంది. దూరమయ్యేకొద్దీ హాలులోని మోత, ఫ్యాన్ల చప్పుడు, కుర్చీల రాపిడి అన్నీ కలిపి పెద్దవి చేస్తుంది. హాలులో లూప్, అంటే మైకు మాటను వినికిడి యంత్రాలకు పంపే తీగ చుట్టు, అమర్చి ఉంటే మైకులో పడిన మాట నేరుగా యంత్రానికి చేరుతుంది. మైకులో పడని మాట అసలు చేరదు. ప్రశ్న అడిగేవారికి కూడా మైకు అందాలి. మాట్లాడేముందు ఎవరి పేరు వారు చెప్పుకుంటే చూపులేనివారికి ఎవరు ఎవరితో అంటున్నారో తెలుస్తుంది.

సైగల భాష అనువాదకులు ఇద్దరు కావాలి. వింటూ, అర్థం చేసుకుంటూ, చేతులతో చెప్పడం చాలా అలసట. ఇరవై నిమిషాలకోసారి మారకపోతే తప్పులు మొదలవుతాయి. ఒక్కరితో మూడు గంటలు నడిపిద్దామనుకోవడం మొదట వారికి అన్యాయం, తర్వాత వారిని నమ్ముకున్నవారికి అన్యాయం. తెరమీద బొమ్మలు వేసేటప్పుడు దీపాలన్నీ ఆర్పేస్తారు, దాంతో అనువాదకుల చేతులు కనబడవు. వారిమీద ఒక దీపం వెలుగుతూ ఉండాలి. వారి వెనక కిటికీ ఉండకూడదు.

మాట స్పష్టంగా రానివారు, అక్షరాలు నొక్కి యంత్రం చేత పలికించేవారు ఉంటారు. మామూలు మనిషి నిమిషానికి నూటయాభై మాటలు మాట్లాడితే, అలా టైపు చేసి పలికించేవారిలో చాలామంది నిమిషానికి పదిహేను మాటలు దాటలేరు. ‘ఒక్కొక్కరికి రెండు నిమిషాలు’ అని గంట కొడితే, ఒకరికి మూడువందల మాటలు దక్కుతాయి, ఇంకొకరికి ముప్ఫై. చర్చకొచ్చే అంశాలు ముందే పంపితే వారు మాటలు సిద్ధం చేసుకుని వస్తారు. సభలో అప్పటికప్పుడు మాట్లాడాల్సి వస్తే వేచి ఉండండి. వాక్యం వాళ్ల తరఫున మీరు పూర్తిచేయవద్దు. మేధో వైకల్యం ఉన్న సభ్యుల కోసం ముందురోజు అరగంట కూర్చుని, సులువైన మాటల్లో, ఏది తేల్చబోతున్నారో చెప్పండి. సభలో అర్థం కానప్పుడు ఆపమని చూపడానికి చేతికో ఎర్ర కార్డు ఇవ్వండి. ఆ కార్డు లేస్తే అధ్యక్షుడు నిజంగా ఆపాలి. నా అనుభవంలో అది లేచినప్పుడు మిగతా సగం మందికీ అర్థం కాలేదని తేలుతుంది.

ఇక నిర్ణయం. 2006 డిసెంబరు 13న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ వికలాంగుల హక్కుల ఒడంబడికను ఆమోదించింది. 2008 మే 3 నుంచి అది అమల్లో ఉంది. తమకు సంబంధించిన నిర్ణయాల్లో వికలాంగులను, పిల్లలతో సహా, వారి సంస్థల ద్వారా సంప్రదించాలని, చురుగ్గా భాగస్వాములను చేయాలని నాలుగో అధికరణం చెబుతుంది. 2018లో ఆ ఒడంబడిక కమిటీ ఇంకో సంగతి తేల్చి చెప్పింది: వికలాంగుల కోసం వేరేవాళ్లు నడిపే సంస్థ వేరు, వికలాంగులే నడుపుకునే సంస్థ వేరు. అభిప్రాయం అడగాల్సింది ముందుగా ఈ రెండోవారిని. మనం అలవాటుగా మొదటివారిని పిలిచి, దండ వేసి, సంప్రదింపు అయిపోయిందని మినిట్స్‌లో రాసుకుంటాం.

కమిటీలో ఒక్కరిని పెట్టి చేతులు దులుపుకోకండి. ఒక్కరే ఉంటే అన్ని వైకల్యాల తరఫునా వారే జవాబు చెప్పాల్సి వస్తుంది, రాని రోజున ఆ మాటే ఉండదు. కనీసం ఇద్దరిని, వేర్వేరు వైకల్యాలున్నవారిని తీసుకోండి. వారిని ‘వికలాంగుల ఉపసంఘం’లోకి నెట్టకుండా కోశాధికారిగా, కార్యదర్శిగా పని ఇవ్వండి. గ్రంథాలయం వేళలు, వీధి దీపాలు, జమాఖర్చులు కూడా వాళ్లు తేల్చాల్సినవే. సహాయకుడి దారిఖర్చు సభ్యుడి జేబులోంచి పోకూడదు, సంఘం బడ్జెట్‌లో మొదటే రాసుకోవాలి. చేతులెత్తి ఓటు వేసినప్పుడు చూపులేనివారికీ తెలిసేలా అటు ఎందరు, ఇటు ఎందరు అని పైకి చదవండి.

ఇంకొకటి. అసలు నిర్ణయం చాలాసార్లు సమావేశంలో జరగదు. అయిపోయాక బయట నిలబడి మాట్లాడుకునే పది నిమిషాల్లో, ఆ రాత్రి ఇద్దరి మధ్య నడిచే ఫోనులో జరుగుతుంది. అప్పటికి అనువాదకులు వెళ్లిపోయి ఉంటారు, ఆఖరి బస్సు కోసం ఒకరు ముందే బయల్దేరి ఉంటారు. మర్నాడు ‘అందరం అనుకున్నాం కదా’ అంటారు. ఎవరు ఆ అందరూ? బయట అనుకున్నది తర్వాతి సమావేశంలో మళ్లీ చర్చకు రాకుండా అమలు కాకూడదని మీ సంఘం నియమావళిలో ఒక వాక్యం చేర్చండి.

సమయం దాటిపోయింది, అధ్యక్షులు చీటీ పంపారు. ప్రశ్నలకు ముందు ఐదు నిమిషాలు ఆగుదాం, అనువాదకులు మారాలి. రాసి పంపినవి ముందు చదువుతాను. మైకు మీ కుర్చీ దగ్గరికే వస్తుంది, ఎవరూ ఇక్కడికి ఎక్కి రానక్కర్లేదు. నేనే కిందికి వస్తున్నాను.