సెలవు రోజు మాల్ ఎన్నింటికి తెరుస్తారు బాబాయ్?

నేను: నమస్కారం అండీ. క్రిస్మస్ అయిపోయింది, కొత్త సంవత్సరం ఇంకా రాలేదు. ఈ వారమంతా మా ఫ్యామిలీ గ్రూపులో ఒకటే ప్రశ్న. "ఫస్టున మాల్ ఉంటుందా? ఎన్నింటిదాకా?" దానికి జవాబు చెప్పగల మనిషి మా ఇంట్లోనే ఉన్నాడు, మా బాబాయ్. హైదరాబాద్‌లో ఒక పెద్ద మాల్‌లో పద్నాలుగేళ్లు ఆపరేషన్స్ చూసి పోయినేడు రిటైరయ్యాడు. ఏ మాలో చెప్పొద్దని ముందే ఒట్టేయించుకున్నాడు. బాబాయ్, మైకు దగ్గరికి జరుగు.

బాబాయ్: ఇంకా జరిగితే మింగేస్తానే.

నేను: సరే, ముందు నా గోడు విను. మొన్న దసరా, అక్టోబర్ 2. నానమ్మకి చీర మార్చాలి, ఎక్స్ఛేంజికి అదే ఆఖరి రోజు. ఫోన్లో మ్యాప్ చూస్తే పదింటికని ఉంది. పదింటికల్లా దిగాం. పార్కింగ్ తీసే ఉంది, టికెట్ చేతిలో పెట్టారు, లిఫ్ట్ పనిచేస్తోంది. పైకెళ్తే గాజు తలుపుకి గొలుసు! లోపల లైట్లున్నాయి, మనుషులు తిరుగుతున్నారు, మమ్మల్ని మాత్రం రానివ్వరు. గంటన్నర సేపు నానమ్మ పూలతొట్టి గట్టు మీద కూర్చుంది.

బాబాయ్: మా అమ్మని తొట్టి మీద కూర్చోబెట్టావా?

నేను: ఆవిడే కూర్చుంది. లేచేసరికి పక్కనున్న ఇద్దరితో చుట్టరికం కూడా కలిపేసింది. ఇంతకీ లోపల ఏం చేస్తున్నారంటావ్?

బాబాయ్: ఇంకేం చేస్తారు, ఆయుధ పూజ. మాల్‌కి ఆయుధాలేంటి అనుకోకు. బేస్‌మెంట్‌లో ఏసీ చిల్లర్లు, జనరేటర్లు, కరెంటు ప్యానెళ్లు, పైన లిఫ్టులు. అన్నిటికీ పసుపు, కుంకుమ, బంతిపూల దండ. మా దగ్గర ఒక టెక్నీషియన్ కుర్రాడు ఎస్కలేటర్ కింది మెట్టు మీద నిమ్మకాయ పెట్టి తాళం తిప్పేవాడు. అది దర్జాగా పైదాకా ఎక్కి, మెట్లు లోపలికి దూరే చోట ఇరుక్కుని చితికేది. అందరం దణ్ణం పెట్టుకునేవాళ్లం. తర్వాత వాడే మోకాళ్ల మీద కూర్చుని బ్రష్షుతో గింజలు తీసుకునేవాడు. అది అయ్యేదాకా గేటు తీయనిచ్చేవాణ్ణి కాదు.

నేను: మరి మ్యాప్‌లో పది అని ఎందుకుంది?

బాబాయ్: అది మామూలు రోజు టైం. పండగ వేళలు ఎవరో ఒకరు కూర్చుని విడిగా ఎక్కించాలి. ఎక్కించకపోతే కింద చిన్న అక్షరాల్లో, సెలవు కాబట్టి వేళలు మారొచ్చు అని దానంతటదే ఒక ముక్క వస్తుంది. ఆ ముక్క కనిపించిందంటే అర్థం, ఆ షాపువాడు ఈ పండగ గురించి దానికేమీ చెప్పలేదని. అప్పుడు పైనున్న టైం నమ్మకూడదు. అదొకటి. రెండోది, నువ్వు చూసింది మాల్ టైమా, చీరల షాపు టైమా?

నేను: మాల్‌దే. రెండూ ఒకటి కాదా?

బాబాయ్: అదే, అక్కడే అందరూ బోల్తా పడేది! మాల్ అనేది ఒక కొట్టు కాదమ్మడూ, ఒక వీధి అనుకో. దాంట్లో ఎన్ని గడియారాలో. కూరగాయల సూపర్‌మార్కెట్ తొమ్మిదికే తీస్తాడు. బట్టల షాపులు పదిన్నర, పదకొండు. ఫుడ్ కోర్టులో స్టవ్‌లు పదకొండు దాటాక వేడెక్కుతాయి. సినిమా హాళ్లది వేరే లోకం. మా రోజుల్లో పెద్ద హీరో బొమ్మ పడితే తెల్లవారకముందే జనం ఉండేవాళ్లు, ఆఖరి ఆట అర్ధరాత్రి దాటాక వదులుతారు. పార్కింగ్ వీళ్లందరికంటే ముందు తీసి, అందరి తర్వాత మూస్తారు. అందుకే పార్కింగ్‌లో టికెట్ ఇచ్చారంటే షాపు తీసుంటుందని లెక్క కాదు.

నేను: నానమ్మకి ఆ మాట చెప్పాల్సింది నువ్వు.

బాబాయ్: అడిగితే కదా! మమ్మల్ని చాలామంది "మాల్ ఉందా" అనే అడిగేవాళ్లు. ఉంది అనేవాళ్లం. అబద్ధం కాదుగా. వాళ్లకి కావాల్సింది నాలుగో ఫ్లోర్‌లో కళ్లజోళ్ల షాపు. ఆ రోజు అక్కడున్న ఒక్క కుర్రాడికీ జ్వరం.

నేను: షాపు వాడు వాడికిష్టమొచ్చినప్పుడు మూసుకోవచ్చా? పండగేగా, ఊరెళ్తా అంటే?

బాబాయ్: సొంత కొట్టయితే మూసుకోవచ్చు. తెనాలి బోస్ రోడ్డులో ఆ రోజుల్లో అంతే కదా, ఆదివారం సెలవు అని బోర్డు తగిలించి తాళం వేసేవాళ్లు. మాల్‌లో అలా కుదరదు. లీజులోనే రాసుంటుంది, ఫలానా టైం నుంచి ఫలానా టైం దాకా షట్టర్ పైకే ఉండాలని. ఆలస్యమైతే జరిమానా. ఎందుకంటే అద్దె లెక్క వేరు. కనీసం ఇంత అని ఒకటి ఉంటుంది, అమ్మకంలో ఇంత శాతం అని ఇంకోటి ఉంటుంది, రెండిట్లో ఏది ఎక్కువైతే అది కట్టాలి. చాలా మాల్స్‌లో ఇదే పద్ధతి. పండగ రోజు అమ్మకం పెరిగితే మాల్‌కీ వాటా. ఇంక సెలవు ఎక్కడిస్తాడు?

నేను: అంటే మన సెలవు వాళ్ల సీజన్.

బాబాయ్: వాళ్ల సీజన్, పనివాళ్ల పాట్లు. వాళ్ల సంగతికి వస్తాలే. ముందు ఆ అక్టోబర్ 2 సంగతి చెప్పనీ. 2025లో గాంధీ జయంతీ దసరా ఒకే రోజు పడ్డాయి. గాంధీ జయంతికి మాంసం కొట్లు, మందు షాపులు బంద్. తెలంగాణలో దసరా అంటే ఏంటి? యాట కోయాలి, జమ్మి ఆకు పంచాలి. జనం ఏం చేశారు? ముందురోజే ఎగబడ్డారు. ఒకటో తారీఖు రాత్రి నేను మటన్‌కి వెళ్తే క్యూ రోడ్డెక్కింది. రెండో తారీఖు సూపర్‌మార్కెట్‌కి పోతే, షాపంతా తళతళా వెలిగిపోతోంది గానీ చికెన్ కౌంటర్ మీద మాత్రం నీలం టార్పాలిన్ కప్పేసి, నాలుగు వైపులా టేపు వేసేశారు. చూశావా, ఒకే కప్పు కింద ఒక కౌంటర్‌కి సెలవు, పక్క కౌంటర్‌కి లేదు.

నేను: గవర్నమెంటే మాల్ మొత్తం మూయమనే రోజంటూ ఉంటుందా?

బాబాయ్: అలా కాదు గానీ ఓట్ల రోజు గట్టిగా ఉంటుంది. ఓటుహక్కున్న ప్రతి ఉద్యోగికీ ఆ రోజు జీతంతో సెలవు ఇవ్వాలి. ప్రజా ప్రాతినిధ్య చట్టంలో 135బి అని సెక్షనే ఉంది, షాపులకీ వర్తిస్తుంది. 2023 నవంబర్ 30న అసెంబ్లీ ఎన్నికలకి, 2024 మే 13న లోక్‌సభకి, మా దగ్గర సాయంత్రం పోలింగ్ అయ్యేదాకా గేటు తీయలేదు. "ఓటేసొచ్చాం, సెలవేగా, ఏసీలో కాసేపు తిరుగుదాం" అని వేలు చూపించుకుంటూ ఎంతమంది వచ్చేవాళ్లో! సెక్యూరిటీ అతను "అన్నా, నేను కూడా ఇంకా ఓటెయ్యలే" అనేవాడు.

నేను: మరి ఇరవై నాలుగ్గంటలూ షాపులు తీసుకోవచ్చని జీవో వచ్చిందన్నారు కదా?

బాబాయ్: వచ్చింది, 2023 ఏప్రిల్‌లో. మనకి షాపులకి 1988 నాటి చట్టం ఉంది, దాంట్లో తెరిచే, మూసే వేళల సెక్షన్ నుంచి మినహాయింపు ఇచ్చారు. అయితే ఎవడు పడితే వాడు రాత్రంతా తెరిచి కూర్చోవడానికి కాదు. పర్మిషన్ పెట్టుకోవాలి, ఏడాదికి 10 వేలు కట్టాలి. వారానికో సెలవు, ఎక్కువ గంటలకి ఓవర్‌టైం, పండగనాడు పని చేయించుకుంటే దానికి బదులు జీతంతో ఇంకో సెలవు. ఆడవాళ్లని రాత్రి షిఫ్టుకి పెట్టాలంటే వాళ్లు ఒప్పుకోవాలి, రాకపోకలకి బండి పెట్టాలి.

నేను: కాగితం మీద బాగానే ఉంది.

బాబాయ్: ఆ బదులు సెలవునే మేం కాంప్ ఆఫ్ అంటాం. ఇస్తారు. ఎప్పుడిస్తారు? జనం లేని ఏ మంగళవారమో. దీపావళి నాడు పిల్లాడితో కాకరపువ్వొత్తి కాల్చాల్సినవాడు మంగళవారం ఇంట్లో కూర్చుని ఏం చేస్తాడు? పిల్లాడు బడికి పోతాడు.

నేను: దీపావళికి తొందరగా మూసేస్తారేమో కదా?

బాబాయ్: దీపావళొక్కటే కాస్త నయం. సాయంత్రం లక్ష్మీపూజ అయ్యాక కొనేవాడూ రాడు, అమ్మేవాడికీ మనసుండదు. ఏడు దాటితే కారిడార్లు ఖాళీ. మేనేజర్‌ని బతిమాలుకుని సగం మంది జారుకునేవాళ్లు. సంక్రాంతికి సిటీయే ఖాళీ, సగం హైదరాబాద్ విజయవాడ హైవే మీద టోల్‌గేట్ల దగ్గరే ఉంటుంది. భోగి నాడు మా మాల్‌లో నా చెప్పుల చప్పుడు నాకే వినపడేది. అసలు చావు డిసెంబర్ 31న.

నేను: ఆ రాత్రి పోలీసులు ఫ్లైఓవర్లు కూడా మూసేస్తారు.

బాబాయ్: అదే కదా. మాల్ పన్నెండు దాకా అని బోర్డు పెడతారు. నీకు పన్నెండంటే పన్నెండు. కౌంటర్ దగ్గరున్న అమ్మాయికి పన్నెండంటే ఒంటిగంట.

నేను: అదెలా?

బాబాయ్: చెప్తా విను. మూసే టైంకి ఇరవై నిమిషాల ముందు మైకులో చెప్తారు. పాటలు ఆపేస్తారు. చివర్నుంచి ఒక్కో వరస లైట్లు తీస్తారు. అప్పుడు వస్తాడొకడు, "ఒక్క నిమిషం మేడం, ఒకే ఒక్క షర్టు" అని. ఒక్క షర్టుకి ఆరు మడతలు విప్పుతాడు. ట్రయల్ రూమ్‌లోకి పోయి ఫోన్ మాట్లాడతాడు. ఆఖరి బిల్లు కొట్టాక షట్టర్ సగానికి దించుతారు. ఇక అప్పుడు మొదలు. క్యాష్ లెక్క, కార్డు మిషన్ లెక్క, ఆ విప్పిన బట్టలన్నీ మళ్లీ మడత, రేపటికి స్టాకు. నలభై నిమిషాలు ఎటూ పోవు. ఆ అమ్మాయి అప్పుడు కౌంటర్ కింద కూర్చుని, షాపువాడిచ్చిన నల్ల బూట్లు విప్పి, హవాయి చెప్పులేసుకుని, కవర్లో టిఫిన్ డబ్బా పెట్టుకుని, వెనక స్టాఫ్ గేటు దగ్గర సంచి తనిఖీ లైన్లో నిలబడుతుంది. 2025 నవంబర్ నుంచి మామూలు రోజుల్లో మెట్రో చివరి రైలు 11 గంటలకే. మాల్ పదిన్నరకి మూస్తే అది దొరకదు. అయిదుగురు కలిసి ఒక ఆటో మాట్లాడుకుని పోతారు, ఆ రోజు వచ్చిన ఓవర్‌టైం డబ్బులో కొంత దానికే.

నేను: ఆ ఒక్క షర్టు మనిషిని నేనే అయ్యుంటాను చాలాసార్లు.

బాబాయ్: నువ్వా! నీకు చుడీదార్ చూపించిన రోజు నాకు గుర్తే. గుర్తు లేదనుకోకు.

నేను: సరే సరే. బాబాయ్, న్యూజెర్సీలో అక్క వాళ్లది ఇంకో కథ తెలుసా? అక్కడ బెర్గెన్ కౌంటీ అని ఉంది, పరామస్ ఊరు అందులోదే. పెద్ద పెద్ద మాల్స్. ఆదివారం మాత్రం బట్టల షాపులు, ఫర్నిచర్ షాపులు అన్నీ బంద్. పాత చట్టం. తీసేద్దామా అని 1993లో ఓటింగ్ పెడితే జనమే వద్దన్నారట. అక్క ఎడిసన్ నుంచి ఆదివారం గంట డ్రైవ్ చేసుకుని పోయి, ఖాళీ పార్కింగ్‌లో ఫొటో తీసి మాకు పంపింది.

బాబాయ్: ఆదివారం మాల్ బందా? మనకైతే వారం వ్యాపారమంతా ఆదివారమే.

నేను: అక్కడి వాళ్లు కనీసం ఒక్కరోజన్నా మా రోడ్లు ఖాళీగా ఉండాలంటారట, ట్రాఫిక్ గొడవ. నవంబర్‌లో వాళ్ల పెద్ద పండగ థాంక్స్ గివింగ్ కూడా అంతే. మర్నాటి డిస్కౌంట్ సేల్ కోసం ఆ రాత్రికే తలుపులు తీస్తే జనం ఒకరినొకరు తోసుకునేవాళ్లు కదా, 2016లో మాల్ ఆఫ్ అమెరికా ఆ రోజు మూస్తామంది. కోవిడ్ ఏడాది పెద్ద చెయిన్లు చాలా మూసేశాయి, తర్వాత అలాగే ఉంచేశాయి. మసాచుసెట్స్‌లో అయితే పెద్ద షాపులు ఆ రోజు తీయడానికి చట్టమే ఒప్పుకోదు.

బాబాయ్: మనకీ ఏడాదికి ఒక్కటి చాలు తల్లీ. అందరికీ ఒకే రోజు. మంగళవారం కాంప్ ఆఫ్ కాదు.

నేను: ఏ రోజు పెడతావ్?

బాబాయ్: సంక్రాంతి. ఎటూ ఎవరూ రారు, ఆ చిల్లర్లకి కరెంటు దండగ. మాలిక్ లెక్క చూసుకున్నా నష్టం రాదు. ఎన్నిసార్లు చెప్పానో మీటింగుల్లో. "పక్క మాల్ తీస్తుంది కదా" అనేవాళ్లు. పక్క మాల్ వాళ్ల మీటింగులో మా పేరు చెప్పేవాళ్లు.

[ఫోన్ మోగుతుంది]

నేను: బాబాయ్! సైలెంట్‌లో పెట్టమన్నానా లేదా?

బాబాయ్: ఆగు, ఇదొకటి. పోయిన వస్తువుల కౌంటర్ మీద బోర్డులో నా నంబరు రాయించారు ఎప్పుడో, ఇంకా తీయలేదు. ప్రతి పండక్కీ ఇదే గోల.

నేను: స్పీకర్ పెట్టకు, పాపం వాళ్లకి తెలీదు రికార్డింగని.

బాబాయ్: పెట్టనులే. హలో... ఆ, చెప్పండమ్మా... ఫస్టునా? తీస్తారండీ... కాదమ్మా, ఒక్క నిమిషం. మీరు వెళ్లాల్సింది ఏ షాపుకి?